కత్తులచేనులో తాతల పంపకం

మా ఊరి మద్దిలేటి మామకు బీడీ అలవాటు లేదు. పేకాట రాదు. కాఫీ వాసన కూడా పడదు. ఉన్నదల్లా ఒకటే అలవాటు: ఎదురుపడిన మనిషికల్లా ఒక తాతను అంటగట్టడం.

సొంత తాత ఇంట్లో మంచం మీద కూర్చుని దగ్గుతున్నా సరే, మామ ఊరుకునేవాడు కాదు. "ఆయప్ప ఉండనీలే. అంతకు ముందుటి తాత ఒకడుండాడు, చూపిస్తా రా" అని చెయ్యి పట్టుకుని లాక్కుపోయేవాడు.

మామ దగ్గర తాతలకు కొదవ లేదు. మా గుర్రాలదిన్నె ఉరవకొండ నుంచి కణేకల్లు పోయే దారిలో ఉంటుంది. ఊరి బయట, రోడ్డుకు ఆనుకుని, మామకు ఒక మెట్ట చేను ఉంది. దాని పేరు కత్తులచేను. ఎప్పుడో అక్కడ పెద్ద యుద్ధం జరిగిందట. ఎవరికీ ఎవరికీ మధ్య జరిగిందో, దేనికోసం జరిగిందో, కడకు ఎవరు గెలిచారో ఊళ్ళో ఒక్కరికీ తెలియదు. ఆ యుద్ధంలో పడిపోయినవాళ్ళ గుర్తుగా నాటిన వీరగల్లులు మాత్రం చేను నిండా ఉన్నాయి. నడుమెత్తు రాళ్ళు. ఒక్కో రాతి మీద ఒక్కో వీరుడు. కత్తి ఎత్తినవాడు, విల్లు లాగినవాడు, గుర్రం మీద ఉన్నవాడు, గుర్రం కింద ఉన్నవాడు. చెక్కిన శిల్పికి ఒకే ముఖం వచ్చినట్లుంది. వీరులందరూ కడుపునొప్పితో యుద్ధానికి వచ్చినట్లు కనిపిస్తారు.

ఇన్ని రాళ్ళ మధ్య మామ గొర్రు తోలితే సాళ్ళు పాము పాకినట్లు పడేవి. రాయి దగ్గరికి రాగానే ఎద్దులు వాటంతటవే పక్కకు తిరిగేవి. వేరేవాళ్ళ చేలోకి బాడుగకు తీసుకుపోతే, అక్కడ రాయి లేకపోయినా పాపం అవి మర్యాదగా పక్కకు తిరిగేవి. అందువల్ల మామ ఎద్దులను ఎవరూ బాడుగకు పిలిచేవారు కారు.

"ఈ చేన్లో శెనక్కాయల కంటే శవాలు ఎక్కువ" అనేది ఆయన భార్య చౌడమ్మత్త. "సంగట్లోకి ఏం నంజుకోవాల? తాతల్నా?"

"తాతలు ఉండబట్టే వాన పడకపోయినా ఈ చేను చేనుగా ఉండాది."

"వాన పడకపోతే బండ కూడా బండగానే ఉంటాదిలే."

మామ పద్ధతి ఎప్పుడూ ఒకటే. మొదట "యా ఊరప్పా?" అని అడుగుతాడు. తర్వాత "ఇంటిపేరేంది?" అంటాడు. ఆ తర్వాత తల ఒక పక్కకు వాల్చి, సంతలో కోడెను చూసినట్లు, మనిషి ముఖాన్ని ఆ పక్కా ఈ పక్కా చూస్తాడు. చివరికి ఒక రాయి ముందు నిలబెట్టి, గొంతు తగ్గించి అంటాడు: "దండం పెట్టుకో అప్పా. మీవాడే."

మా ఊరికి ఒకసారి మలేరియా ఇన్‌స్పెక్టరు వచ్చాడు. గుంటూరు వైపు మనిషి. ఇళ్ళ గోడలకు మందు కొట్టించి పోదామని వచ్చినవాడిని మామ పట్టుకున్నాడు.

"నాకు తాత ఏమిటండీ ఇక్కడ? మావాళ్ళెవరూ ఈ వైపు రాలేదండీ" అన్నాడాయన.

"నువ్వు వచ్చినావు కదా?"

"నేను ఉద్యోగం మీద వచ్చానండీ."

"ఆయప్పా ఉద్యోగం మీదే వచ్చినాడు. చూడు, నీ చేతిలో పంపు ఉన్నట్ల ఆయప్ప చేతిలో ఈటె ఉండాది. అదే నిలకడ, అవే మోకాళ్ళు. దండం పెట్టుకో. మీవాడే."

ఇన్‌స్పెక్టరు వంగి తన మోకాళ్ళు చూసుకున్నాడు. తర్వాత రాతి మోకాళ్ళు చూశాడు. ఆ పొద్దు నవ్వుకుంటూ పోయినవాడే, వచ్చినప్పుడల్లా ఎవరూ చూడకుండా ఆ రాయి దగ్గర ఆగి పోయేవాడు. బదిలీ అయి వెళ్ళిపోయే రోజున డబ్బాలో మిగిలిన మందంతా ఆ రాతి మీద కొట్టించి వెళ్ళాడు. ఆ వీరుడికి ఈ రోజు వరకు మలేరియా రాలేదు.

ఉరవకొండ బస్సు కండక్టరుకు రోడ్డు పక్కనున్న రాయి వచ్చింది. అప్పటినుంచి బస్సు అక్కడ ఎక్కేవాళ్ళు లేకపోయినా, దిగేవాళ్ళు లేకపోయినా ఆగేది. కండక్టరు ఈల ఊది, దిగి, దండం పెట్టి, మళ్ళీ ఈల ఊదేవాడు. ఇది చూసి డ్రైవరుకు కడుపు మండింది. "నాకేమన్నా తాతలు లేరనుకున్నావా?" అని ఒకరోజు బస్సు ఆపేసి కూర్చున్నాడు. మామ ఒక్క క్షణం ఆలోచించి, డ్రైవరుకు గుర్రం మీద కూర్చున్నవాడిని ఇచ్చాడు. "కండక్టరుదేమో చూడు, గుర్రం వెనక నిలబడినోడు. అప్పుడూ అంతే, ఇప్పుడూ అంతే" అన్నాడు. ఆ తర్వాత వాళ్ళిద్దరూ పోట్లాడుకోలేదు.

నాకూ ఒకరిని ఇచ్చాడు. తిరుపతిలో చరిత్ర ఎం.ఏ. చదువుతున్న రోజుల్లో, సెలవులకు ఊరికి వస్తే చేతిలో పుస్తకం పెట్టుకుని ఆ చేను గట్టున కూర్చునేదాన్ని. రాళ్ళు మనల్ని పలకరించవు కాబట్టి నాకు అక్కడ హాయిగా ఉండేది. చెయ్యెత్తి నిలబడిన ఆడమనిషి రాయి ఒకటి చూపించి మామ అన్నాడు: "మీ అవ్వ. యుద్ధం జరిగినన్నాళ్ళూ ఒక్కమాట మాట్లాడలేదంట. అచ్చం నీ మాదిరే."

"మరి చెయ్యి ఎందుకెత్తింది మామా?"

"మాట్లాడేదానికి బదులు."

అందరికీ తాతలను పంచే ఈ మనిషికి సొంత తాత ఎవరు? ఊళ్ళో పిల్లలందరం అడిగేవాళ్ళం. మామ దగ్గర దానికీ ఒకటే జవాబు.

"మావాడు యుద్ధానికి ఆలస్యంగా వచ్చినాడప్పా. వచ్చేటప్పటికి అంతా అయిపోయి, వంటపాత్రలు కడుగుతాండిరంట. వచ్చినోడు ఊరికే పోలేక ఈ చేను దున్నుకున్నాడు."

"మీ వంశంలో వేళకు వచ్చినోడెవరులే" అనేది చౌడమ్మత్త. "మన పెళ్ళికి నువ్వు వచ్చిన వేళ నాకు గుర్తుండాది."

ఇదంతా చదివి, ఆ రాళ్ళు మాకు వట్టి ఆటవస్తువులనుకునేరు. ఉగాదికి ముందు వచ్చే అమావాస్య మాకు సున్నం పండగ. ఆ రోజు ఏ ఇంటివాళ్ళు ఆ ఇంటి రాయికి సున్నం కొట్టి, ఎర్రమన్ను పట్టెలు తీర్చి, ముందర సంగటి ముద్ద పెట్టి మొక్కుతారు. రాయి ఉంటే ఇంటికి పెద్దదిక్కు ఉన్నట్లే. పెళ్ళి మాటలు కూడా అక్కడే తేలుతాయి. మగపిల్లవాడి తరఫువాళ్ళు వచ్చి పిల్ల ఇంటి రాయికి మొక్కిన తర్వాతే తాంబూలాలు. రాయి లేని పిల్ల అంటే వంశం తెలియని పిల్ల. మా చుట్టుపక్కల అలాంటి పిల్లను అడిగేవాళ్ళు లేరు.

మారెక్క సంగతి అందుకే చెప్పాలి.

పెద్ద కరువు ఏడాది ఊళ్ళో గంజి కేంద్రం పెట్టారు. ఎక్కడెక్కడి ఊళ్ళవాళ్ళో వచ్చి గంజి తాగి పోయేవాళ్ళు. ఒకరోజు అందరూ పోయాక చూస్తే, బాన పక్కన ఒక చిన్నపిల్ల నిద్రపోతోంది. ఎవరి పిల్లో తెలియలేదు. ఎవరూ వెనక్కి రాలేదు. గంజి కలిపే తిప్పమ్మ ఆ పిల్లను ఎత్తుకుపోయి పెంచుకుంది. అలా వచ్చింది కాబట్టి పిల్లలం కొంతకాలం గంజి మారెక్క అన్నాము. తర్వాత ఆ పేరు ఎందుకో మాసిపోయింది. దానికి కారణం, మారెక్కకూ కత్తులచేనులో ఒక రాయి ఉండడమే.

అదీ మామూలు రాయి కాదు. చేనుకు తూర్పు మూలన, డాలు పట్టుకుని నిలబడిన వీరుడు. కత్తులచేను మొత్తంలో కడుపునొప్పి లేనివాడు ఆయనొక్కడే. నవ్వుతుంటాడు. మామ మారెక్కను ఆయన ముందు నిలబెట్టి "మీవాడే" అన్నాడట. మేము అందరం మామ పంపకాలకు నవ్వినట్లే దానికీ నవ్వాము. కానీ మారెక్క నవ్వలేదు. ఏటా సున్నం తానే కొట్టేది. ఎంత బాగా కొట్టేదంటే, పెద్దయ్యేసరికి ఊళ్ళోవాళ్ళందరూ "మా తాతకూ ఒక చెయ్యి వెయ్యి మారెక్కా" అని పిలిచేవాళ్ళు. పండగ పొద్దుటికి మోచేతుల దాకా తెల్లగా, గాజులు కూడా తెల్లగా, చేను నిండా తిరిగేది.

అలా తిరుగుతుండగానే కణేకల్లు నారాయణప్ప కొడుకు చూశాడు.

నారాయణప్ప మా ఊరివాడు కాదు. చెరువు కింద మడి ఉన్నవాడు. నూనె రాసి మెలితిప్పిన మీసం. ఎప్పుడో కోడెను కొనడానికి వచ్చి, మామ చేతికి చిక్కి, ఒక తాతను సంపాదించుకుని పోయాడు. ఆయనకు వచ్చిందేమో సగం రాయి. పై సగం ఎప్పుడో విరిగి పోయింది. కింది సగంలో ఒక కుక్క, దాని కింద మట్టిలో కూరుకుపోయిన రెండు వరుసల రాత. కత్తులచేనులో రాత ఉన్న రాయి అదొక్కటే.

"మనిషి లేడే?" అని అడిగాడట నారాయణప్ప.

"మనిషి పై సగంలో ఉండె. కుక్క తోడుకు వచ్చింది. మీవాడు ఎట్లాంటోడనుకున్నావు? పరుగులో గుర్రాన్ని మించినోడు. పట్టిన పట్టు వదిలినోడు కాదు. ఏలినాయన పక్కనుంచి కదిలినోడు కాదు. దండం పెట్టుకో అన్నా. మీవాడే."

నారాయణప్ప కోడెను మరిచిపోయి తాతతో ఇంటికి పోయాడు. ఆ తర్వాత ఏటా సున్నం పండగకు బండి కట్టుకుని వచ్చేవాడు. కణేకల్లులో పంచాయితీలకు కూర్చుంటే "పట్టిన పట్టు వదిలే వంశం కాదు మాది" అనేవాడట. కొడుకునూ వెంట తెచ్చేవాడు. ఆ కొడుకు రెండేళ్ళపాటు తన తాతకు మొక్కి, మూడో ఏడు తూర్పు మూలనున్న వీరుడికి కూడా మొక్కడం మొదలుపెట్టాడు. నారాయణప్పకు విషయం అర్థమైంది. మారెక్కను అడిగాడు. తిప్పమ్మ ఆనందం పట్టలేక ఇల్లంతా అలికి, అలికిన చోటే మళ్ళీ అలికింది.

తాంబూలాల రోజున బండి దిగింది నారాయణప్ప, ఆయన కొడుకు, వాళ్ళ వెనక నారాయణప్ప అక్క హనుమంతమ్మ. ఆ ఇంట్లో ఆమె మాటే మాట. మనిషిని చూస్తే మర్యాదగా ఉంది. నోరు తెరిచాక అర్థమైంది, ఆమె ఉరవకొండ నుంచి మా బస్సులో కండక్టరు కబుర్లన్నీ వింటూ వచ్చి, ఊరి దగ్గర తమ్ముడి బండి ఎక్కిందని.

చేనుగట్టున ఊరి పెద్దలు కూర్చున్నారు. మారెక్క అప్పుడే సున్నం కొట్టిన నవ్వుముఖం వీరుడి పక్కన నిలబడింది. నారాయణప్ప చెప్పులు విడిచి మొక్కబోయాడు. హనుమంతమ్మ ఆయన భుజం పట్టుకుని ఆపింది.

"ఉండు తమ్ముడా. మద్దిలేటీ, నేను మొగం మీదనే అడుగుతా, ఏమనుకోవద్దు. బస్సు కండక్టరు తాత ఈడే ఉండాడంట. డ్రైవరు తాత ఈడే ఉండాడంట. మలేరియా ఆయన తాత, గాజులమ్మేటోడి తాత, పోయినేడు దారి తప్పి వచ్చిన లారీవాడి తాత, అందరూ ఈడే ఉండారంట. వీళ్ళంతా యుద్ధానికి వచ్చినారా, సంతకు వచ్చినారా?"

మేము నవ్వాము. నవ్వినవాళ్ళం మధ్యలోనే ఆగిపోయాము.

"నువ్వు ఊరందరికీ తాతల్ని పంచినావు. నవ్వుకునేదానికి బాగుండాది. పిల్లను తెచ్చుకునే కాడ నవ్వులాట కుదరదు. ఈ పిల్లకు ఈ రాయి నిజంగా ఉండేదేనా? అదీ నువ్వు పంచిందేనా?"

మద్దిలేటి మామ నోరు తెరిచాడు. లారీవాడికి కూడా చిటికెలో తాతను తెచ్చిపెట్టిన మనిషి, తాతలందరూ ఒక్కసారిగా అయిపోయినట్లు నిలబడ్డాడు. హనుమంతమ్మ పెద్దల వైపు తిరిగింది.

"మీరన్నా చెప్పండప్పా."

పెద్దలు తలలెత్తి ఆకాశం చూశారు. "మబ్బు పట్టేటట్లుండాదే" అన్నాడొకాయన. మా అనంతపురం జిల్లాలో ఎండాకాలంలో అంత నిర్మలమైన ఆకాశం నేను మళ్ళీ చూడలేదు.

మారెక్క సున్నం ముంత కింద పెట్టింది. "నాకు రాయి లేకుంటే లేదులే అమ్మా. మామను మాత్రం ఏమీ అనొద్దు" అంది. తిప్పమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పెళ్ళికొడుకు తండ్రి ముఖం చూశాడు.

నారాయణప్ప ముఖం మాత్రం ఇంకేదో లెక్కలో ఉంది. "అక్కా" అన్నాడు మెల్లగా. "పిల్ల తాత అబద్ధమైతే... మరి మావాడు?"

"నీవాడూ అబద్ధమే! ఈ మనిషే కదా నీకూ ఇచ్చింది!"

మీసం ఒక పక్క కిందికి జారింది. పంచాయితీలలో ఆయన వదలని పట్లన్నీ ఒక్కసారి కళ్ళ ముందు తిరిగి ఉండాలి. "మావాడు అబద్ధం కాదు!" అని గట్టిగా అరిచాడు. "మావాడికి రాత ఉండాది! చదివేవాళ్ళు ఉంటే చదవమను!"

అందరూ నా వైపు చూశారు. నాకు ఆ క్షణంలో ఏదైనా రాయి వెనక దాక్కోవాలనిపించింది. రాళ్ళకు అక్కడ కొదవ లేదు కూడా.

"ఎమ్మే చదివిన పిల్ల ఉండాదిగా" అన్నారెవరో. "శాసనాలు కూడా చదువుతాదంట."

నారాయణప్ప స్వయంగా మోకాళ్ళ మీద కూర్చుని చేత్తో మట్టి తవ్వాడు. ఏళ్ళ తరబడి తానే కొట్టించిన సున్నం గీకాడు. అక్షరాలు తేలాయి. పాత కన్నడ లిపి. అరిగిపోయాయి గానీ చదవడానికి వస్తున్నాయి. నేను మెల్లగా కూడబలుక్కున్నాను. ఒకసారి చదివి, నమ్మలేక, మళ్ళీ చదివాను. అది ఒక కుక్కకు నాటిన రాయి. పై సగంలో మనిషి ఎప్పుడూ లేడు.

"ఏముండాది పాపా?" అన్నాడు నారాయణప్ప. ఆ గొంతులో మీసం లేదు.

తలెత్తితే ముందు నారాయణప్ప కనిపించాడు. ఆయన వెనక మారెక్క, మోచేతుల దాకా సున్నం. దూరంగా మద్దిలేటి మామ, నోరు ఇంకా తెరుచుకునే ఉంది. రాత మీద వేలు పెట్టి పైకి చదివాను.

"ఏలినవాడు పడిపోయిన చోటు విడిచి పోక, అడ్డం నిలిచి, పగవాళ్ళను మళ్ళించి, అక్కడే ప్రాణం విడిచిన పులియకు ఈ రాయి నిలిపినారు. అని ఉంది."

అందులో ఒక్క అబద్ధం లేదు. పులియకూ రాయికీ మధ్య ఉన్న ఒక్క మాట మాత్రం బయటికి రాలేదు.

"పులియ!" అన్నాడు నారాయణప్ప లేస్తూ. "విన్నావా అక్కా? విడిచి పోలేదంట! పేరు చూడు, పులియ! మద్దిలేటన్న ఏం చెప్పినాడో రాతిలో అదే ఉండాది. చదువురాని మనిషి, ఆయనకు ఎట్ల తెలిసింది? మావాడు నిజమైనప్పుడు పిల్ల తాత ఎట్ల అబద్ధమైతాడు?"

హనుమంతమ్మ వంగి చూసింది. "ఈడ కుక్క ఒకటే కనపడతాండాదే?"

"మనిషి పై సగంలో ఉండె" అన్నారు మామ, నారాయణప్ప ఒకే గొంతుతో.

ఆమె నా వైపు తిరిగింది. "అట్లనా పాపా?"

"పై సగం విరిగిపోయిన మాట నిజమేనమ్మా" అన్నాను.

హనుమంతమ్మ నడుం ఎత్తి నిలబడింది. తమ్ముడి మీసం వైపు చూసింది. అది మళ్ళీ పైకి తిరిగి ఉంది. మేనల్లుడు అప్పటికే తూర్పు మూలన సాష్టాంగపడి ఉన్నాడు, లేచే ఉద్దేశం ఉన్నట్లు లేదు. ఆమె మారెక్క దగ్గరకు పోయి, ముంత తీసి ఆ పిల్ల చేతిలో పెట్టింది. "సున్నం ఎండిపోతాది. కానియ్యి" అంది. తర్వాత మామ పక్కకు వచ్చి గొంతు తగ్గించింది.

"మద్దిలేటీ, మా అత్తగారివైపు వాళ్ళు కూడా... ఈడ ఎవరన్నా ఉండారా?"

మామ తల ఒక పక్కకు వాల్చాడు. ప్రాణం లేచొచ్చింది. "యా ఊరక్కా? ఇంటిపేరేంది?"

సాయంత్రం అందరూ తిని పోయాక, పెరట్లో మామ కాళ్ళు కడుక్కుంటుంటే నేను పోయి చెవిలో చెప్పాను. మామ ఏమాత్రం కంగారు పడలేదు.

"కుక్కా? అయితే మరి నేను తప్పు చెప్పినానా? పరుగులో గుర్రాన్ని మించినోడన్నా. పట్టిన పట్టు వదల్లేదన్నా. ఏలినాయన పక్కనుంచి కదల్లేదన్నా. ఏంది తప్పు?" అని నా తల మీద చెయ్యి పెట్టాడు. "మీ అవ్వ కూడా అంతే పాపా. యుద్ధమంతా నోరు తెరవలేదు. కడాన ఒక్కమాట చెప్పిందంట."

"ఇంతకుముందు మాట్లాడనే లేదన్నావు కదా మామా?"

"ఇప్పుడే తెలిసింది."

చౌడమ్మత్త రోటి దగ్గర ఊరుబిండి పచ్చడి నూరుతోంది. ఆమె పక్కన కూర్చుని ఊరికే అడిగాను: "అత్తా, హనుమంతమ్మ అన్ని మాటలన్నా మామ ఒక్కమాట అనలేదు, ఎందుకు?"

అత్త నూరడం ఆపింది. "ఆ నవ్వుమొగం రాయి ఎవరిదనుకున్నావు?"

"మారెక్కది."

"ఈయన నాయన, ఆయన తాత, అందరూ దానికే సున్నం కొట్టినారు. నా పెళ్ళికి నేను మొక్కింది ఆ రాయికే."

"మరి మామ తాత ఆలస్యంగా వచ్చినాడని..."

"వాళ్ళే ముందు వచ్చినారు, ఇంకేంది! ఆ కరువు పోయిన మరుసటేడు, సున్నం పండగనాడు, ఆ పిల్ల ఇంతుండె. చేతిలో చిల్లు ముంత. ఏ రాయి దగ్గరికి పోయినా 'ఇది మాది, పో' అని పిలకాయలు తరమడమే. తిరిగి తిరిగి ఈయప్ప దగ్గరకు వచ్చి, 'మామా, నాది యాది?' అనింది. ఈయన చేతిలో కుంచె దాని చేతిలో పెట్టి, 'ఇదే, మీవాడే' అన్నాడు. అంతే. ఇంటికొచ్చి నాకు చెప్పి, కూడు తినకుండా కూర్చున్నాడు. 'పొద్దునకు ఊరు, గంజి మారెక్కకు రాయి దానం చేసినారంట అంటాది. అప్పుడు పిల్ల మొగం యాడ పెట్టుకుంటాది చౌడీ?' అన్నాడు."

"అప్పుడు?"

"తెల్లారి బస్సు దిగినోణ్ణి ఎవడినో పట్టుకుని, మీ తాత అన్నాడు. ఆ మాపున ఇంకొకణ్ణి. అంతకు ముందు ఈయప్పకు ఈ పిచ్చి యాడుండె? దోవన పోయేవాళ్ళందరికీ పంచితే, ఆ గుంపులో ఆ పిల్లది ఎవరికీ కనపడదని. రాన్రానూ రుచి మరిగినాడు, అది వేరే సంగతి." మళ్ళీ నూరడం మొదలుపెట్టింది. "పెద్దోళ్ళకు అందరికీ తెలుసు. అడిగితే ఆకాశం చూస్తారు."

మబ్బు ఎందుకు పట్టిందో నాకు అప్పుడు అర్థమైంది.

పెళ్ళిరోజు పొద్దున కణేకల్లువాళ్ళను ఎక్కించుకుని బస్సే నేరుగా చేను దగ్గరకు వచ్చింది. కండక్టరు ఈల ఊది దిగాడు. డ్రైవరు కూడా దిగాడు. బాసింగం కట్టుకున్న పెళ్ళికొడుకు, కొత్త తలపాగాతో నారాయణప్ప, అత్తగారివైపు తాతకు కొబ్బరికాయ పట్టుకుని హనుమంతమ్మ, అందరూ వరసగా నవ్వుముఖం వీరుడికి మొక్కారు. మొక్కనివాడు ఒక్కడే. మద్దిలేటి మామ రాలేదు.

"ముహూర్తం దాటిపోతాది, నడవండి" అన్నారు పెద్దలు.

"మామ రానీ" అంది మారెక్క. కదలలేదు.

"ఆయప్ప వంశమే అంత" అంది చౌడమ్మత్త, ఎవరినీ చూడకుండా.

మామ పరుగెత్తుకుంటూ వచ్చాడు. ఊరేగింపుకు బండి కడితే, రాయి లేని చోట కూడా ఎద్దులు పక్కకు తిరిగి తిరిగి ఆలస్యం చేశాయట. ఒగరుస్తూ గుంపు వెనక నిలబడబోయాడు. మారెక్క గుంపును దాటుకుని పోయి, ఆయన చెయ్యి పట్టుకుని ముందుకు లాక్కొచ్చింది. రాయి ఎదురుగా నిలబెట్టింది. తల ఒక పక్కకు వాల్చి, ఆయన ముఖాన్ని ఆ పక్కా ఈ పక్కా చూసింది.

"యా ఊరప్పా?"

మామ భుజం మీది తువ్వాలు తీసి చంకలో పెట్టుకున్నాడు. "ఈ ఊరే."

మారెక్క గొంతు తగ్గించింది. "దండం పెట్టుకో మామా. మీవాడే."

మామ మెల్లగా చేతులు జోడించాడు. ముఖం బిగబట్టుకోవాలని చాలా ప్రయత్నం చేశాడు గానీ పెదవులు విన్నట్లు లేదు. రాతిలో ఉన్న నవ్వే ఎదురుగా ఇంకొకటి మొలిచింది. హనుమంతమ్మ ఒకసారి రాయినీ ఒకసారి మామనూ చూసి, ముక్కు మీద వేలేసుకుంది.

"ఏమప్పా ఇది, అచ్చం పోలిక ఉండాదే!"

"కనపడినోళ్ళకంతా పోలికలు అంటగట్టొద్దు అక్కా" అంది చౌడమ్మత్త. "అది మా ఇంటాయన పని."